సీ షార్ప్ కోడ్ నుంచి ఎస్‌ఎస్‌ఐఎస్ ప్యాకేజీకి పారామీటర్లు పంపడం: మొదటి నుంచి చివరిదాకా

ఎస్‌ఎస్‌ఐఎస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇంటిగ్రేషన్ సర్వీసెస్) అంటే డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే మైక్రోసాఫ్ట్ పనిముట్టు. అందులో ఆ పనుల వరసను ఒకటిగా కట్టిందే ప్యాకేజీ. అలాంటి ప్యాకేజీ ఒకటి బాగానే నడుస్తుంటుంది. రోజూ రాత్రి ఏజెంట్ జాబ్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ వేళకు నడిపే పని) లేస్తుంది, నిన్నటి అమ్మకాల ఫైలు తీసుకుంటుంది, టేబుల్లో వేసేస్తుంది. ఆర్నెల్లు ఎవరూ దాని జోలికి పోరు. ఒకరోజు అకౌంట్స్ నుంచి ఫోను: "గుంటూరు బ్రాంచివి పోయిన మంగళవారం లెక్కలు తప్పుగా వచ్చాయండీ. మళ్లీ లోడ్ చేసుకోవడానికి మా స్క్రీన్ మీద ఒక బటన్ పెట్టగలరా?"

బటన్ పెట్టడం ఎంతసేపు. ఏ బ్రాంచి, ఏ తేదీ అన్నది ఆ ప్యాకేజీకి ఎలా చెప్పాలన్నదే చిక్కు.

నేను మొదటిసారి దీన్ని చేసినప్పుడు తేలిక దారి వెతుక్కున్నాను. ప్యాకేజీ చదువుకునే కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి ఉండేది. బటన్ నొక్కగానే నా కోడ్ ఆ ఫైల్లో తేదీ, బ్రాంచి కోడ్ మార్చి రాసి, వెంటనే ప్యాకేజీని నడిపేది. మూడు వారాలు ఏ గొడవా లేదు. నెలాఖరు రోజు సాయంత్రం ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కారు. ఒకరి తేదీ, ఇంకొకరి బ్రాంచి కలిసిపోయాయి. నెల్లూరు అమ్మకాలు వేరే తేదీ కింద పడ్డాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు, అన్నీ పచ్చ టిక్కులే. తప్పు దొరకడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైనదే ఈ వ్యాసానికి ఆధారం. విలువలు ఫైల్లోనో, కంట్రోల్ టేబుల్లోనో, ప్యాకేజీ డిఫాల్ట్‌లోనో ఉండకూడదు. ఏ రన్‌కు కావలసిన విలువలు ఆ రన్‌కే కట్టి ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012తో వచ్చిన పారామీటర్లు, ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ క్యాటలాగ్ (ప్యాకేజీలను, వాటి రన్‌ల వివరాలను దాచే సర్వర్ డేటాబేస్) చేసేది సరిగ్గా ఆ పనే.

ముందుగా ఒక మాట. ప్రొసీజర్లు, క్లాసుల పేర్లన్నీ ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. రెండు మాటల మధ్య కింది గీత కనిపిస్తే అది అండర్‌స్కోరే. ఎడిటర్లో మాత్రం వాటి అసలు స్పెల్లింగ్‌తో కొట్టుకోండి.

వేరియబుల్, పారామీటర్: తేడా ఎక్కడ

2005లో ఎస్‌ఎస్‌ఐఎస్ వచ్చినప్పుడు ప్యాకేజీలో వేరియబుల్స్ మాత్రమే ఉండేవి. బయటి నుంచి విలువ ఇవ్వాలంటే కాన్ఫిగరేషన్ ఫైలు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, రిజిస్ట్రీ, ఎస్‌క్యూఎల్ టేబుల్, పేరెంట్ ప్యాకేజీ వేరియబుల్, వీటిలో ఏదో ఒక దారి పట్టాలి. 2012లో ప్యాకేజీలను ప్రాజెక్ట్ మొత్తంగా సర్వర్‌కు ఎక్కించే ప్రాజెక్ట్ డిప్లాయ్‌మెంట్ మోడల్‌తో పారామీటర్లు వచ్చాయి.

వేరియబుల్ ప్యాకేజీ సొంత నోట్‌బుక్ లాంటిది. నడుస్తుండగా ఎన్నిసార్లయినా కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. పారామీటర్ విలువ రన్ మొదలయ్యేముందే ఖాయమవుతుంది, ఆ తర్వాత ప్యాకేజీ దాన్ని చదవగలదే గానీ మార్చలేదు. స్క్రిప్ట్ టాస్క్‌లోంచి మార్చబోయినా కుదరదు. కొత్తలో ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది కానీ లాభమే ఎక్కువ: రన్ ఏ విలువతో మొదలైందో చివరిదాకా అదే విలువ.

ఇంకో లాభం గురించి ఎక్కువమంది చెప్పరు. ఫైల్ కనెక్షన్‌కు దారిని మధ్యలో ఒక స్క్రిప్ట్ టాస్క్ తయారు చేస్తుంటే, ప్యాకేజీ మొదట్లో జరిగే వ్యాలిడేషన్‌కు (కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసే తనిఖీకి) ఆ దారి ఇంకా తెలియదు. అది డిఫాల్ట్ దారిలో ఫైలు కోసం వెతికి, లేదని ఆగిపోతుంది. దీనికోసమే ఆ తనిఖీని వాయిదా వేసే డిలే వ్యాలిడేషన్‌ను ట్రూ చేయాల్సి వస్తుంది. పారామీటర్ విలువ ముందే వచ్చి కూర్చుంటుంది కాబట్టి వ్యాలిడేషన్ కూడా కొత్త విలువతోనే జరుగుతుంది.

పారామీటర్లు రెండు రకాలు. ప్రాజెక్ట్ పారామీటర్ ఆ ప్రాజెక్ట్‌లోని ప్యాకేజీలన్నిటికీ ఉమ్మడి. సర్వర్ పేరు, ఫైళ్లుండే షేర్డ్ ఫోల్డర్ లాంటివి అక్కడ పెట్టుకోవాలి. ప్యాకేజీ పారామీటర్ ఆ ఒక్క ప్యాకేజీదే. తేదీ, బ్రాంచి కోడ్ లాంటివి ఇక్కడ. కోడ్ రాసేటప్పుడు ఈ తేడా 20, 30 అనే అంకెల రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

మొదటి అడుగు: ప్యాకేజీని సిద్ధం చేయడం

విజువల్ స్టూడియోలో ప్యాకేజీ తెరిస్తే కంట్రోల్ ఫ్లో, డేటా ఫ్లో ట్యాబుల పక్కనే పారామీటర్స్ ట్యాబ్ ఉంటుంది. అది కనిపించకపోతే మీ ప్రాజెక్ట్ ఇంకా పాత ప్యాకేజీ డిప్లాయ్‌మెంట్ మోడల్‌లో ఉన్నట్టు. సొల్యూషన్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త మోడల్‌కు మార్చుకోవచ్చు. పాత కాన్ఫిగరేషన్లను పారామీటర్లుగా మార్చడానికి విజార్డే అడుగుతుంది.

మన ఉదాహరణకు నాలుగు పారామీటర్లు చాలు. బిజినెస్‌డేట్ రకం డేట్‌టైమ్. బ్రాంచ్‌కోడ్ రకం స్ట్రింగ్. ఫుల్‌లోడ్ రకం బూలియన్. ఈ మూడూ ప్యాకేజీవి. ఫైల్‌ఫోల్డర్ రకం స్ట్రింగ్, ఇది ప్రాజెక్ట్‌ది.

తేదీని స్ట్రింగ్‌గా పెట్టకండి. "ఎలాగూ స్క్రీన్ నుంచి టెక్స్టే వస్తుంది కదా" అనిపిస్తుంది. 03/04/2023 అని పంపితే మన ఇంట్లో అది ఏప్రిల్ మూడు. సర్వర్ భాష అమెరికన్ ఇంగ్లీషైతే దానికది మార్చి నాలుగు. రెండూ చెల్లే తేదీలే కాబట్టి ఎర్రర్ రాదు. పదమూడో తేదీ వచ్చాక గానీ బయటపడదు.

బ్రాంచి కోడ్‌ను మాత్రం అంకెలే ఉన్నా స్ట్రింగ్‌గానే ఉంచండి. 007 అనే కోడ్ ఇంటిజర్ అయితే 7 అయిపోతుంది.

ప్రతి పారామీటర్‌కూ రిక్వైర్డ్, సెన్సిటివ్ అని రెండు గుణాలుంటాయి. రిక్వైర్డ్ ట్రూ అయితే డిజైన్ సమయంలో ఇచ్చిన డిఫాల్ట్‌ను సర్వర్ ఒప్పుకోదు, బయటి నుంచి విలువ ఇచ్చి తీరాలి. తేదీకి, బ్రాంచికి ఇది ట్రూ చేయండి. కోడ్‌లో ఒక లైను మర్చిపోయినప్పుడు, మీరు టెస్టింగ్‌లో పెట్టుకున్న పాత తేదీతో ప్యాకేజీ గప్‌చుప్‌గా నడిచిపోవడం కన్నా మొరాయించడమే మంచిది.

ఇక వాటిని ప్యాకేజీ లోపల వాడుకోవడం. ఎక్స్‌ప్రెషన్‌లో డాలర్ గుర్తు, ప్యాకేజీ అనే మాట, రెండు కోలన్లు, పేరు. ప్రాజెక్ట్‌దైతే ప్యాకేజీ బదులు ప్రాజెక్ట్. చేత్తో రాయనక్కర్లేదు, ఎక్స్‌ప్రెషన్ బిల్డర్‌లో ఎడమవైపు నుంచి లాగి వదిలితే సరి. ఫ్లాట్ ఫైల్ కనెక్షన్ మేనేజర్ ప్రాపర్టీల్లో ఎక్స్‌ప్రెషన్స్ తెరిచి, కనెక్షన్ స్ట్రింగ్‌కు ఫైల్‌ఫోల్డర్, బ్రాంచ్‌కోడ్, తేదీ కలిపిన ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి.

ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్ టాస్క్‌లో వాడేటప్పుడు కనెక్షన్ రకం చూసుకోవాలి. ఓఎల్ఈ డీబీ అయితే క్వెరీలో విలువ ఉండే చోట ప్రశ్నార్థకం పెట్టి, పారామీటర్ మ్యాపింగ్‌లో పేరు బదులు 0, 1, 2 అని వరస అంకెలివ్వాలి. ఏడీఓ డాట్ నెట్ అయితే పేర్లే వాడొచ్చు. ఎక్స్‌ప్రెషన్‌తో క్వెరీ టెక్స్ట్‌ను అతికించి తయారు చేసే అలవాటుంటే మానుకోండి. బ్రాంచి కోడ్ వెబ్ స్క్రీన్ నుంచి వస్తోందని గుర్తుంచుకోండి, అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (విలువలో దొంగ క్వెరీ దూర్చే దాడికి) తలుపు తీసినట్టే.

రెండో అడుగు: క్యాటలాగ్‌లోకి ఎక్కించడం

సర్వర్‌లో ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ లేకపోతే మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ క్యాటలాగ్స్ మీద రైట్ క్లిక్ చేసి సృష్టించుకోవాలి. సీఎల్‌ఆర్ ఇంటిగ్రేషన్ (సర్వర్ లోపల డాట్ నెట్ కోడ్ నడిపే వీలు) ఆన్ చేయమంటుంది, ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్‌ను భద్రంగా రాసి పెట్టుకోండి. డేటాబేస్‌ను రేపు ఇంకో సర్వర్‌కు మార్చాల్సి వస్తే ఎన్‌క్రిప్షన్ కీ తెరవడానికి అదే కావాలి.

విజువల్ స్టూడియోలో ప్రాజెక్ట్ మీద డిప్లాయ్ నొక్కి, రిటైల్ అనే ఫోల్డర్లో సేల్స్‌లోడ్ ప్రాజెక్ట్‌గా ఎక్కించామనుకుందాం. ప్యాకేజీ పేరు డైలీసేల్స్ డాట్ డీటీఎస్‌ఎక్స్. కోడ్‌లో ప్యాకేజీ పేరు ఇచ్చేటప్పుడు ఆ డాట్ డీటీఎస్‌ఎక్స్ తోక కూడా ఉండాలి. అది వదిలేసి గంటసేపు తల పట్టుకున్నవాళ్లను చూశాను.

డిప్లాయ్ అయ్యాక ప్రాజెక్ట్ మీద కాన్ఫిగర్ తెరిచి ఫైల్‌ఫోల్డర్‌కు సర్వర్ మీది అసలు దారి ఇవ్వండి. ఇక్కడ విలువల వరస తెలిసి ఉండాలి. డిజైన్‌లో పెట్టిన డిఫాల్ట్ అన్నిటికన్నా అడుగున ఉంటుంది. దానిమీద సర్వర్‌లో కాన్ఫిగర్ చేసిన విలువ నెగ్గుతుంది. ఆ రన్ కోసం కోడ్ ఇచ్చిన విలువ రెండింటినీ పక్కన పెడుతుంది. సర్వర్ విలువను నేరుగా ఇవ్వకుండా ఎన్విరాన్‌మెంట్ (క్యాటలాగ్‌లో విలువలను గుంపుగా పెట్టుకునే చోటు)లోని వేరియబుల్‌కు ముడిపెడితే మాత్రం, రన్ సృష్టించేటప్పుడు ఆ ఎన్విరాన్‌మెంట్ రెఫరెన్స్ నంబరు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పారామీటర్‌కు విలువ లేదని రన్ మొదలవదు.

మూడో అడుగు: కోడ్. మూడు పిలుపులు

క్యాటలాగ్‌లోని ప్యాకేజీని నడపడమంటే మూడు స్టోర్డ్ ప్రొసీజర్లను వరసగా పిలవడమే. ఎస్‌ఎస్‌ఐఎస్‌కు సంబంధించిన డీఎల్‌ఎల్ ఒక్కటీ అక్కర్లేదు, మామూలు ఎస్‌క్యూఎల్ కనెక్షన్ చాలు. అందుకే నేను ఎవరికైనా ముందు ఈ దారే చెబుతాను. డాట్ నెట్ పాతదైనా కొత్తదైనా, సీ షార్ప్ బదులు పైథాన్ అయినా జావా అయినా ఇదే పని చేస్తుంది.

కనెక్షన్ స్ట్రింగ్‌లో డేటాబేస్ ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ, ఇంటిగ్రేటెడ్ సెక్యూరిటీ ట్రూ. మైక్రోసాఫ్ట్ డాట్ డేటా డాట్ ఎస్‌క్యూఎల్ క్లయింట్ లైబ్రరీ 4.0 నుంచి ఎన్‌క్రిప్ట్ డిఫాల్ట్‌గా ట్రూ అయింది. పాత లైబ్రరీ నుంచి మారగానే సర్టిఫికెట్ నమ్మలేనంటూ కనెక్షనే తెరుచుకోకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఒకటో పిలుపు క్యాటలాగ్ స్కీమాలోని క్రియేట్_ఎగ్జిక్యూషన్. దీనికి ఫోల్డర్_నేమ్, ప్రాజెక్ట్_నేమ్, ప్యాకేజీ_నేమ్ ఇవ్వాలి. ఎన్విరాన్‌మెంట్ వాడుతుంటే రెఫరెన్స్_ఐడీ, లేకపోతే నల్. యూజ్32బిట్‌రన్‌టైమ్‌ను ఫాల్స్‌గా ఉంచండి. 32 బిట్ డ్రైవర్‌తో పాత ఎక్సెల్ ఫైళ్లు చదివే ప్యాకేజీకైతే ట్రూ. ఎగ్జిక్యూషన్_ఐడీ అనే అవుట్‌పుట్ పారామీటర్‌ను బిగ్ఇంట్ రకంగా ప్రకటించి, పిలుపు అయ్యాక సీ షార్ప్‌లో లాంగ్‌గా తీసుకోండి.

ఈ నంబరే అన్నిటికీ ఆధారం. ప్యాకేజీ ఇంకా నడవలేదు, కానీ దానికి ఒక రన్ పుట్టింది. ఆ క్షణంలో ఉన్న పారామీటర్ విలువలన్నీ ఆ నంబరు కింద కాపీ అయిపోయాయి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే రెండు నంబర్లు, రెండు విడి విడి కాపీలు. నా నెల్లూరు గొడవకు మందు ఇదే.

రెండో పిలుపు సెట్_ఎగ్జిక్యూషన్_పారామీటర్_వ్యాల్యూ. ఒక్కో పారామీటర్‌కు ఒక్కోసారి పిలవాలి. ఎగ్జిక్యూషన్_ఐడీ, ఆబ్జెక్ట్_టైప్, పారామీటర్_నేమ్, పారామీటర్_వ్యాల్యూ అని నాలుగు ఇవ్వాలి. ఆబ్జెక్ట్_టైప్ దగ్గరే ఆ అంకెలు: ప్రాజెక్ట్ పారామీటర్‌కు 20, ప్యాకేజీ పారామీటర్‌కు 30. ప్యాకేజీ పారామీటర్‌కు 20 ఇస్తే ఆ పేరుతో పారామీటర్ లేదనో, మీకు అనుమతి లేదనో అంటుంది. అనుమతి మాట చూసి డీబీఏ దగ్గరికి పరుగెత్తకండి, ముందు అంకె చూసుకోండి. పేరులో డాలర్, కోలన్లు ఏవీ ఉండవు, బ్రాంచ్‌కోడ్ అంటే బ్రాంచ్‌కోడ్ అంతే.

మూడో అంకె 50 కూడా ఉంది. అది ప్యాకేజీ పారామీటర్లకు కాదు, రన్ తీరుతెన్నులకు. లాగింగ్_లెవెల్ దీని కిందికే వస్తుంది: 0 అంటే ఏమీ రాయదు, 1 బేసిక్, 2 పర్ఫార్మెన్స్, 3 వెర్బోస్. 3 పెట్టి మర్చిపోతే ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ ఉబ్బిపోతుంది, వెతుకులాట అయ్యాక 1కి తెచ్చేయండి. సింక్రనైజ్డ్ అనేదీ ఈ గుంపులోదే, దాని సంగతి కాసేపట్లో.

మూడో పిలుపు స్టార్ట్_ఎగ్జిక్యూషన్. ఎగ్జిక్యూషన్_ఐడీ ఒక్కటే ఇవ్వాలి. అప్పుడు సర్వర్ మీద ఐఎస్‌సర్వర్‌ఎగ్జెక్ అనే ప్రాసెస్ లేచి ప్యాకేజీని నడుపుతుంది. మీ వెబ్ అప్లికేషన్ ప్రాసెస్‌కు దాని బరువు ఉండదు.

రకాల పేచీ

పారామీటర్_వ్యాల్యూ రకం ఎస్‌క్యూఎల్_వేరియంట్. "ఏదైనా పడుతుంది" అన్నట్టు కనిపిస్తుంది గానీ, లోపల ఉన్న విలువ అసలు రకం ఏమిటో ప్రొసీజర్ తిప్పి చూస్తుంది. పారామీటర్ రకంతో పొసగకపోతే, ఇచ్చిన విలువ డేటా రకం ఫలానా రకానికి సరిపడదని ఎర్రర్ ఇస్తుంది. ఇంటిజర్ పారామీటర్‌కు టెక్స్ట్ బాక్స్‌లోంచి వచ్చిన స్ట్రింగ్‌ను అలాగే పంపితే జరిగేది ఇదే. స్ట్రింగే కదా, లోపల మార్చుకుంటుందిలే అనుకోవద్దు, మార్చుకోదు.

కాబట్టి మార్పిడి మీ కోడ్‌లోనే, స్క్రీన్ నుంచి విలువ అందుకున్న చోటే జరగాలి. తేదీని పార్స్ ఎగ్జాక్ట్‌తో, ఫార్మాట్ స్పష్టంగా చెప్పి డేట్‌టైమ్‌గా మార్చండి. ఎస్‌క్యూఎల్ పారామీటర్ రకాన్ని వేరియంట్‌గా పెట్టి, విలువకు ఆ డేట్‌టైమ్‌నే ఇవ్వండి. బూలియన్‌కు ట్రూ లేదా ఫాల్స్ అనే అసలు బూల్ విలువ. స్ట్రింగ్‌కు స్ట్రింగ్. సీ షార్ప్ ఇచ్చే విలువ రకం సరిగ్గా ఉంటే వేరియంట్ లోపలి రకం కూడా దానంతట అదే సరిగ్గా పడుతుంది.

నేరుగా టీ ఎస్‌క్యూఎల్‌లో పరీక్షించేటప్పుడు స్ట్రింగ్ ముందు పెద్ద ఎన్ అక్షరం పెట్టడం మరవద్దు. ఇది మనకు మరీ ముఖ్యం. ఎన్ లేకుండా "విజయవాడ" అని తెలుగులో ఇస్తే మామూలు కొలేషన్ (అక్షరాలను దాచే, పోల్చే పద్ధతి) ఉన్న సర్వర్‌లో అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. సీ షార్ప్ స్ట్రింగ్ ఎలాగూ యూనికోడే కాబట్టి కోడ్‌లోంచి వెళితే ఈ బెడద లేదు.

పొడవుకూ హద్దుంది. వేరియంట్‌లో ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ పట్టదు, 4,000 అక్షరాలే ఎక్కువ. ఐదువేల బిల్లు నంబర్లను కామాలతో కలిపి ఒకే పారామీటర్‌గా పంపాలని ఎవరికైనా అనిపిస్తే, అది పారామీటర్ పని కాదు. బిల్లులను ఒక స్టేజింగ్ టేబుల్లో ఒక బ్యాచ్ నంబరుతో వేసి, ఆ బ్యాచ్ నంబరును మాత్రం పారామీటర్‌గా పంపండి. అలాగే ఆబ్జెక్ట్ రకం వేరియబుల్స్‌కు ఉంది గానీ పారామీటర్లకు లేదు. డేటాసెట్‌ను మోసుకుపోవడం కుదరదు.

నాలుగో అడుగు: ఆగి చూడడం

స్టార్ట్_ఎగ్జిక్యూషన్ మామూలుగా వెంటనే తిరిగి వస్తుంది. ప్యాకేజీ వెనక నడుస్తూనే ఉంటుంది. "లోడ్ అయిపోయింది" అని స్క్రీన్ మీద చూపించేసి, తీరా చూస్తే డేటా లేదని తిట్లు తినడానికి ఇదే కారణం.

పూర్తయ్యేదాకా ఆగాలంటే ఒక దారి సింక్రనైజ్డ్‌ను ఆబ్జెక్ట్_టైప్ 50తో 1గా పెట్టడం. అప్పుడు మూడో పిలుపు ప్యాకేజీ అయ్యాకే తిరిగి వస్తుంది. కానీ ఎస్‌క్యూఎల్ కమాండ్ డిఫాల్ట్ టైమ్ అవుట్ 30 సెకన్లు. చిన్న ఫైళ్లతో టెస్టింగ్‌లో అంతా బాగుంటుంది, ప్రొడక్షన్‌లో ప్యాకేజీ నాలుగు నిమిషాలు తీసుకోగానే టైమ్ అవుట్ ఎక్సెప్షన్ వస్తుంది. కమాండ్ టైమ్ అవుట్ పెంచాలి, లేదా 0 పెట్టి హద్దు తీసేయాలి.

నాకు నచ్చిన దారి వేరు. సింక్రనైజ్డ్ ముట్టుకోకుండా, ఎగ్జిక్యూషన్_ఐడీని మన సొంత టేబుల్లో దాచి, క్యాటలాగ్‌లోని ఎగ్జిక్యూషన్స్ వ్యూలో స్టేటస్‌ను ఐదు సెకన్లకోసారి చూడడం. వెబ్ పేజీ మూసేసినా, అప్లికేషన్ రీస్టార్ట్ అయినా నంబరు మన దగ్గర ఉంటుంది కాబట్టి మళ్లీ పట్టుకోవచ్చు. స్టేటస్ అంకెలు ఇవి: 1 సృష్టించారు, 2 నడుస్తోంది, 3 రద్దు చేశారు, 4 విఫలం, 5 వరసలో ఉంది, 6 అర్ధాంతరంగా ఆగిపోయింది, 7 విజయవంతం, 8 ఆగుతోంది, 9 పూర్తయింది. 1, 2, 5, 8 ఉన్నంతసేపు ఎదురుచూడాలి. 7 తప్ప మిగతావేవి వచ్చినా పని అయినట్టు చెప్పకండి.

సింక్రనైజ్డ్ వాడినా ఈ స్టేటస్ చూడక తప్పదు. ప్యాకేజీ ఫెయిలైనా స్టార్ట్_ఎగ్జిక్యూషన్ తనకు తాను ఎర్రర్ విసరదు. ఎక్సెప్షన్ రాలేదు కాబట్టి సక్సెస్ అనుకునే కోడ్ నేను చాలాచోట్ల చూశాను, నేనూ రాశాను.

4 వచ్చిందనుకోండి, కారణం ఈవెంట్_మెసేజెస్ వ్యూలో ఉంటుంది. ఆపరేషన్_ఐడీ మన ఎగ్జిక్యూషన్ నంబరే. మెసేజ్_టైప్ 120 ఎర్రర్లు, 110 హెచ్చరికలు. 120 ఉన్నవాటిని వరసగా తీసుకుని మొదటిది చూడండి, అసలు కారణం సాధారణంగా అదే. తర్వాతవన్నీ దాని పర్యవసానాలు.

మధ్యలో ఆపాలంటే స్టాప్_ఆపరేషన్‌కు అదే నంబరు ఇవ్వాలి.

ఐదో అడుగు: ఎవరి పేరు మీద నడుస్తోంది

నా లెక్కలో కోడ్ రాయడానికి ఒక పూట పడుతుంది, దీనికి వారం పడుతుంది. సొంత సర్వర్ మీది క్యాటలాగ్ ఎస్‌క్యూఎల్ లాగిన్‌తో వచ్చినవాళ్లను రన్ మొదలుపెట్టనివ్వదు, విండోస్ అకౌంట్ కావాల్సిందే అంటుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టిన కనెక్షన్ స్ట్రింగ్‌తో ఎంత ప్రయత్నించినా ఫలితం లేదు. ఇంకొకరి పేరుతో నడిపించే ఎగ్జిక్యూట్ యాజ్ చుట్టి గట్టెక్కుదామని చూస్తే సెక్యూరిటీ కాంటెక్స్ట్‌ను వెనక్కి తిప్పలేనని ఇంకో ఎర్రర్. అజ్యూర్‌లోని ఎస్‌ఎస్‌ఐఎస్‌కు మాత్రం ఈ పట్టుదల లేదు.

కాబట్టి విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో మీ అప్లికేషన్ పూల్‌ను ఒక డొమైన్ సర్వీస్ అకౌంట్ కింద నడపండి. ఆ అకౌంట్‌కు ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీలో యూజర్ ఇచ్చి, సేల్స్‌లోడ్ ప్రాజెక్ట్ మీద రీడ్, ఎగ్జిక్యూట్ అనుమతులివ్వండి. ఎన్విరాన్‌మెంట్ వాడితే దానిమీద రీడ్ కూడా. ఎస్‌ఎస్‌ఐఎస్_అడ్మిన్ రోల్ ఇచ్చేస్తే క్షణంలో పని అవుతుంది, నిజమే. కానీ అప్పుడు ఆ వెబ్ అప్లికేషన్ సర్వర్ మీది ప్రతి ప్యాకేజీని నడపగలదు, తీసేయగలదు కూడా.

ప్యాకేజీ పిలిచినవాళ్ల విండోస్ గుర్తింపుతోనే నడుస్తుంది. మీ వెబ్ సర్వర్ ఒకటి, ఎస్‌ఎస్‌ఐఎస్ సర్వర్ రెండోది, ఫైళ్లున్న షేర్ మూడోది అయితే, ఆ గుర్తింపు రెండో గడప దాటి మూడో గడపకు వెళ్లదు. ప్యాకేజీ మొదలవుతుంది, ఫైలు దగ్గర అనుమతి లేదంటుంది. మేనేజ్‌మెంట్ స్టూడియోను ఎస్‌ఎస్‌ఐఎస్ సర్వర్ మీదే తెరిచి నడిపితే మాత్రం చక్కగా నడుస్తుంది. దీన్నే డబుల్ హాప్ అంటారు. యాక్టివ్ డైరెక్టరీ వాళ్లతో కెర్బెరోస్ డెలిగేషన్ (గుర్తింపును తర్వాతి సర్వర్‌కు అందించే ఏర్పాటు) పెట్టించుకోవడం అసలైన పరిష్కారం.

అది కుదరని చోట ఏజెంట్ జాబ్‌ను ప్రాక్సీతో (జాబ్ అడుగుకు ఇచ్చే వేరే విండోస్ గుర్తింపుతో) వాడతారు. అయితే జాబ్‌ను లేపే ఎస్‌పీ_స్టార్ట్_జాబ్ ప్యాకేజీ పారామీటర్లు తీసుకోదు, అదే జాబ్ ఇప్పటికే నడుస్తుంటే రెండోసారి మొదలవదు. ఈ దారి తప్పనిసరైతే, అభ్యర్థనలను ఒక క్యూ టేబుల్లో ఒక్కొక్క వరుసగా వేసి, జాబ్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకునేలా చేయండి. జాబ్ అడుగులో కూడా పైన చెప్పిన మూడు ప్రొసీజర్లనే ఆ వరుసలోని విలువలతో పిలవొచ్చు. విలువలు ఒక్క వరుసలో పెట్టి దాన్నే మళ్లీ మళ్లీ అప్‌డేట్ చేశారో, నా కాన్ఫిగరేషన్ ఫైలు కథే.

మిగతా దారులు, క్లుప్తంగా

మైక్రోసాఫ్ట్ డాట్ ఎస్‌క్యూఎల్‌సర్వర్ డాట్ మేనేజ్‌మెంట్ డాట్ ఇంటిగ్రేషన్‌సర్వీసెస్ అనే ఆబ్జెక్ట్ మోడల్ ఉంది. క్యాటలాగ్, ఫోల్డర్, ప్రాజెక్ట్, ప్యాకేజీ అని దిగుతూ వెళ్లి, ఎగ్జిక్యూషన్‌వ్యాల్యూపారామీటర్‌సెట్‌ల జాబితా ఒకటి తయారు చేసి ఎగ్జిక్యూట్‌కు ఇస్తారు. అందులోనూ అవే 20, 30, 50. కోడ్ చూడడానికి ముచ్చటగా ఉంటుంది, లోపల అది పిలిచేది ఆ మూడు ప్రొసీజర్లనే. సింక్రనైజ్డ్ పెడితే 30 సెకన్ల టైమ్ అవుట్ ఇక్కడా తగులుతుంది, పైగా మార్చుకోవడం కష్టం.

మేనేజ్డ్‌డీటీఎస్ అనే లైబ్రరీ దారిలో ప్యాకేజీ మీ ప్రాసెస్‌లోనే నడుస్తుంది. అప్లికేషన్ ఆబ్జెక్ట్‌తో లోడ్‌ప్యాకేజీ పిలిచి, ప్యాకేజీ వేరియబుల్స్‌లో యూజర్, రెండు కోలన్లు, పేరు ఇచ్చి విలువ పెట్టి, ఎగ్జిక్యూట్ పిలవాలి. డీటీఎస్‌ఎగ్జెక్‌రిజల్ట్ తిరిగి వస్తుంది. ఇస్పాక్ ఫైలైతే (బిల్డ్ చేసిన ప్రాజెక్ట్ ఫైలు) ప్రాజెక్ట్ డాట్ ఓపెన్‌ప్రాజెక్ట్‌తో తెరిచి ప్రాజెక్ట్ పారామీటర్లు కూడా పెట్టొచ్చు. 2012కు ముందు ప్యాకేజీలున్నవాళ్లకు ఇదొక దారి. అయితే ఆ మెషిన్ మీద ఎస్‌ఎస్‌ఐఎస్ ఇన్‌స్టాల్ అయి ఉండాలి, దానికి లైసెన్సు ఉండాలి, కోడ్ పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉండాలి. యూనిట్ టెస్టులకు బాగుంటుంది. వెబ్ సర్వర్‌లో పెట్టమని ఎవరికీ చెప్పను.

డీటీ ఎగ్జెక్ కమాండ్‌ను కోడ్ నుంచి ప్రాసెస్‌గా లేపడం మూడోది. స్లాష్ పార్ తర్వాత పారామీటర్ పేరు, బ్రాకెట్లలో రకం, సెమీకోలన్, విలువ. పాత వేరియబుల్స్‌కు స్లాష్ సెట్. ఎగ్జిట్ కోడ్ 0 అయితే సక్సెస్, 1 ఫెయిల్. కానీ స్లాష్ ఐఎస్‌సర్వర్‌తో క్యాటలాగ్ ప్యాకేజీని నడిపితే సింక్రనైజ్డ్ ఆప్షన్ ఇవ్వనంతవరకు అది రన్‌ను మొదలుపెట్టి వచ్చేస్తుంది, ఆ 0ని నమ్మొద్దు. కోట్‌లు, స్పేస్‌లు ఉన్న విలువలతో కమాండ్ లైన్ కట్టడం కూడా ఒక తలనొప్పే.

పారామీటర్ లేని, వేరియబుల్ మాత్రమే ఉన్న ప్యాకేజీని క్యాటలాగ్‌లో నడపాల్సి వస్తే సెట్_ఎగ్జిక్యూషన్_ప్రాపర్టీ_ఓవర్‌రైడ్_వ్యాల్యూ ఉంది. ప్రాపర్టీ దారి మొత్తం రాయాలి. ఒకసారికి సరే. రోజూ చేయాల్సి వస్తే ప్యాకేజీకి పారామీటర్ పెట్టి మళ్లీ డిప్లాయ్ చేయండి.

రహస్యాలు, తిరుగు సమాచారం

పాస్‌వర్డ్‌ను పారామీటర్‌గా పంపాల్సి వస్తే దాని సెన్సిటివ్ గుణం ట్రూ చేయాలి. అప్పుడు క్యాటలాగ్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, వ్యూలలో కనిపించదు. స్క్రిప్ట్ టాస్క్‌లో దాన్ని మామూలు వ్యాల్యూతో చదవలేరు, గెట్‌సెన్సిటివ్‌వ్యాల్యూ వాడాలి. అలా చదివిన విలువను మామూలు వేరియబుల్లో వేసుకుంటే కష్టమంతా వృథా.

పారామీటర్ ఒకవైపు దారి. "ఎన్ని వరుసలు లోడ్ అయ్యాయి" అని ప్యాకేజీ నుంచి వెనక్కి తెచ్చుకోవాలంటే దానివల్ల కాదు. రో కౌంట్‌ను వేరియబుల్లోకి తీసుకుని, చివర్లో ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్ టాస్క్‌తో ఫలితాల టేబుల్లో రాయించండి. ఆ వరుసకు ఏ రన్‌దో తెలియాలి కదా. సిస్టమ్ వేరియబుల్స్‌లో సర్వర్‌ఎగ్జిక్యూషన్‌ఐడీ అని ఒకటుంది, మన కోడ్ దగ్గరున్న ఎగ్జిక్యూషన్ నంబరే అందులో ఉంటుంది. దాన్ని కూడా వరుసలో వేయించండి. స్టేటస్ 7 రాగానే అదే నంబరుతో టేబుల్ చదివి "1,284 వరుసలు లోడ్ అయ్యాయి" అని స్క్రీన్ మీద చూపిస్తే అకౌంట్స్ వాళ్లు మళ్లీ ఫోన్ చేయరు.

ఒకవేళ చేస్తే, "నేను గుంటూరే ఎంచుకున్నానండీ, నెల్లూరుది లోడ్ అయింది" అంటే, ఎగ్జిక్యూషన్_పారామీటర్_వ్యాల్యూస్ అనే వ్యూలో ఆ రన్ నంబరు కొట్టి చూడండి. ఏ పారామీటర్ ఏ విలువతో వెళ్లిందో, డిఫాల్ట్‌దా కోడ్ ఇచ్చిందా అన్నది కూడా కనిపిస్తుంది. క్యాటలాగ్ ఈ చరిత్రను డిఫాల్ట్‌గా 365 రోజులు ఉంచుతుంది. రన్‌లు ఎక్కువగా ఉన్న చోట డీబీఏలు దాన్ని తగ్గిస్తుంటారు. మీ దగ్గర ఎన్ని రోజులకు పెట్టారో అడిగి తెలుసుకుని, అంతకన్నా పాత సంగతులు కావాలనుకుంటే బటన్ నొక్కినవాళ్ల పేరు, విలువలు, రన్ నంబరు మీ సొంత టేబుల్లో కూడా రాసి పెట్టుకోండి.